పాకే సైనికుడికి ఫోము కొండ

సుబ్రహ్మణ్య షష్ఠికి మా వైపు ఊరూరా తీర్థం జరుగుతుంది. తీర్థమంటే మాకు తిరనాళ్ళే. జీళ్ళు, ఖర్జూరం, గాజుల కొట్లు, రంగులరాట్నం. వీటన్నిటికీ చివర, నేల మీద పట్టా పరిచి ప్లాస్టిక్ సామాను అమ్మే ఒకాయన కూర్చునేవాడు. నాలుగో తరగతిలో ఉండగా ఆయన దగ్గరే నా మొదటి మిలటరీ పాకెట్ కొనిపించుకున్నాను. కొనిపించుకున్నానంటే, నోరు తెరిచి అడగలేదు. పాకెట్ ముందు నిలబడి కదలకుండా ఉండిపోయాను. అమ్మకి సంగతి అర్థమైంది.

అందులో పన్నెండుమంది ఆకుపచ్చ సైనికులు, ఒక టాంకు, రెండు ముళ్ళకంచె ముక్కలు, ఒక కొబ్బరిచెట్టు ఉన్నాయి. భీమవరం చుట్టుపక్కల పుట్టినవాళ్ళెవరూ దాన్ని కొబ్బరిచెట్టు అనరు. నాలుగు ఆకులు, కాయ లేదు, కాండం అరటిబోదెలా ఉంది. "ఇది తాడా, ఈతా?" అంది అమ్మ. నాకు చెట్టుతో పని లేదు. నా కళ్ళన్నీ వీపున పెట్టె మోస్తూ చెవి దగ్గర ఫోను పెట్టుకున్న వైర్‌లెస్ ఆయన మీదే ఉన్నాయి. ఎదుటి మనిషి మొహం చూడకుండా మాట్లాడే ఉద్యోగం ఒకటుంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

మా వీధి ఆడపిల్లలు పెళ్ళిబొమ్మలాట ఆడేవాళ్ళు. ఆ ఆటలో మాట్లాడాలి. వియ్యపురాలిగా దెప్పాలి, అత్తగారిగా మూతి తిప్పాలి. నాకు చేతనయ్యేది కాదు. సైనికులతో ఆ బాధ లేదు. వరసలో నిలబెడితే చాలు, తక్కినదంతా మనసులో జరుగుతుంది. ఏటా తీర్థంలో ఒక పాకెట్ చేరేది. రాజమండ్రిలో పెళ్ళికి వెళ్ళినప్పుడు కోటగోడలున్న పెద్ద పాకెట్ ఒకటి దొరికింది. ఏడో తరగతికి వచ్చేసరికి బిస్కట్ల డబ్బా నిండా సైన్యం. డైరీలో వెనకనించి నాలుగు పేజీలు వాళ్ళకే కేటాయించాను. ఎవరు ఏ తీర్థంలో చేరారు, ఎవరి తుపాకీ వంగింది, ఎవరు మంచం కింద మూడు రోజులు తప్పిపోయి దొరికారు అన్నీ అందులో ఉన్నాయి.

వాళ్ళకున్న లోపం ఒక్కటే. నిలబడరు. పాదాల కింద పలచటి రేకు లాంటి ప్లాస్టిక్ ఉంటుంది, అది ఎండకి వంగిపోతుంది. ఫాను వేస్తే ఒకడు ఊగుతాడు, వాడు పక్కవాడి మీద పడతాడు, క్షణంలో పటాలమంతా నేలమట్టం. పైగా ప్రతి పాకెట్‌లోనూ ఇద్దరు పుట్టుకతోనే బోర్లా పడుకుని తుపాకీ గురిపెట్టి ఉంటారు. వాళ్ళని నేను పాకేవాళ్ళు అనేదాన్ని. ఈ పాకేవాళ్ళ వల్లే ఆ ఏడాది దసరాకి పెద్ద చిక్కు వచ్చింది.

మా ప్రాంతంలో చాలా ఇళ్ళలో బొమ్మల కొలువు సంక్రాంతికి పెడతారు. మాతోపాటు ఉండే మా అమ్మమ్మ మాత్రం దసరాకి పెట్టేది. అయిదు మెట్లు, వాటి మీద ఇస్త్రీ చేసిన తెల్ల పంచె. పై మెట్టు మీద కలశం, దేవుళ్ళు. కింది మెట్టు మీద కూరగాయలమ్మే మనిషి, చెట్టియారు దంపతులు, తల ఊపే తాతగారు. ఏటా కనీసం ఒక కొత్త బొమ్మ చేరాలన్నది నియమం.

"ఈ ఏడు కొత్త బొమ్మ నువ్వే పెట్టాలే. పన్నెండేళ్ళొచ్చాయి నీకు," అంది అమ్మమ్మ, పాడ్యమి ఇంకా పదిహేను రోజులుందనగా.

నేను కంచంలో పెరుగన్నం వైపు చూస్తూ, "నా సైనికుల్ని పెట్టనా?" అన్నాను.

అమ్మ నవ్వింది. అమ్మమ్మ నవ్వలేదు. "ఏరీ, పట్రా," అంది. డబ్బా తెచ్చి మూత తీశాను. నా సంపదనంతా ఒకరి ముందు బోర్లించడం అదే మొదటిసారి. తుపాకులు చూసి వద్దంటుందనుకున్నాను. ఒక్కొక్కడినీ తీసి, కళ్ళజోడు పైకెత్తి చూసింది.

"ఆయుధాలుంటే ఏం? అమ్మవారి చేతుల్లో ఎన్ని లేవు? బానే ఉన్నారు కుర్రాళ్ళు." అంతలో పాకేవాడు చేతికి తగిలాడు. "వీడేంటే, పడుకున్నాడు?"

"కాదమ్మమ్మా. అలా కాలుస్తాడు."

"ఏం చేసినా పడుకున్నాడా లేదా? ఠాఠ్, వీడు పనికిరాడు."

ఎందుకు పనికిరాడో నాకూ తెలుసు. దశమి నాడు హారతిచ్చాక ఒక బొమ్మని పడుకోబెడతారు. అప్పుడే కొలువు ముగిసినట్టు. ఒక్క బొమ్మ పడుకున్నా బొమ్మలన్నిటికీ సెలవు చెప్పినట్టే. అలాంటిది మొదటి రోజునే ఒకడు పడుకుని ఉంటే, ఆ కొలువు మొదలవకుండానే అయిపోయినట్టు.

"నిలబడ్డవాళ్ళని పెట్టుకో," అంది అమ్మమ్మ. "వాళ్ళయినా పడకూడదు. పడితే పడుకున్నట్టే. తొమ్మిది రోజులూ నిలబడతారంటే పెట్టు. లేదా మీ మావయ్యతో చెప్పి పింగాణీ బాతు తెప్పించుకో."

ఆ రోజు డైరీలో 'బాతు' అని రాసి మూడుసార్లు కొట్టేశాను. ఒక్క పాకెట్‌లో పుట్టినవాళ్ళని విడదీసి, కొందరిని కొలువులోకీ కొందరిని డబ్బాలోకీ పంపడం నాకు ఇష్టం లేదు. పాకేవాళ్ళతో సహా అందరూ నిలబడాలి. నాకు మాటలు రాకపోయినా నా దగ్గరా చూపించదగ్గది ఒకటుందని, పేరంటానికొచ్చే వాళ్ళందరూ చూడాలి. అప్పటివరకూ జీవితంలో ఇంత గట్టిగా ఏదీ కోరుకున్నట్టు గుర్తు లేదు.

పాదాలు దిగబడి నిలిచే మెత్తటి నేల కావాలి. మొదట థర్మాకోల్‌తో మొదలుపెట్టాను. నాన్నగారికి రొయ్యల చెరువుండేది కాబట్టి మా ఇంట్లో థర్మాకోల్ పెట్టెలకి లోటు లేదు. పాతపెట్టె మూత కోసి చిన్న గుట్ట చేశాను. కోస్తుంటే వచ్చే కీచు శబ్దానికి అమ్మ వంటింట్లోంచి చెవులు మూసుకుని బయటికొచ్చింది. తెల్లటి గుళ్ళు ఇల్లంతా ఎగిరి, అమ్మమ్మ పట్టుచీరకి అంటుకుని ఎంత దులిపినా పోలేదు. సైనికుడిని ఒకసారి గుచ్చితే నిలబడ్డాడు. తీసి మళ్ళీ గుచ్చితే చిల్లు వదులైపోయింది. ఇవన్నీ భరించవచ్చు. మర్నాటి పొద్దున్నకి వీధిలోని రెండు పిల్లులు వచ్చి గుట్టకి చెరో పక్కా కూర్చున్నాయి. ఎంత కడిగినా రొయ్యల వాసన పోలేదు మరి.

"కొలువుకి ముందే పేరంటాళ్ళొచ్చేశారే," అంది అమ్మ.

రెండో ప్రయత్నానికి ఒంటికి రుద్దుకునే స్పాంజి తీసుకున్నాను. దాని కన్నాలు మరీ పెద్దవి. అందులో గుచ్చిన సైనికుడు తీర్థంలో తాగొచ్చిన మనిషిలా ఊగాడు.

మూడోది దొరికినప్పుడు మాత్రం ఎగిరి గంతేశాను. దొడ్లో పడి ఉన్న ఒక పాత హవాయి చెప్పు. అడుగున నీలం, పైన తెలుపు. బ్లేడుతో చీల్చి పాదం రేకు దూర్చితే ఉడుంపట్టు. పాకేవాడిని కూడా మోకాళ్ళ దగ్గర గుచ్చితే ఏటవాలుగా నిలిచాడు. ఫాను అయిదులో పెట్టినా ఒక్కడూ చలించలేదు. సబ్బుతో రుద్ది కడిగి, ఎండబెట్టి, మెట్లలా పేర్చి, గర్వంగా అమ్మమ్మ ముందు పెట్టాను.

అమ్మమ్మ వేలితో నొక్కి చూసింది. "ఎంత బావుందే! గట్టిగానూ ఉంది. ఏంటిది?"

"చెప్పు."

"నన్ను చెప్పమంటావేంటే, నువ్వే చెప్పు."

"అదే... చెప్పమ్మమ్మా. నాన్నగారి పాత చెప్పు."

అమ్మమ్మ చెయ్యి వెనక్కి లాక్కున్న వేగం ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. "అయ్యబాబోయ్! అమ్మవారి ముందు చెప్పులు పెడతావా? సాయంత్రం పూట నాచేత తలస్నానం చేయిస్తున్నావు కదే!" అంటూ నూతి దగ్గరికి పరిగెత్తింది. అమ్మ స్తంభానికి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది, దాని వెనకే నవ్వూ వచ్చింది. చెప్పు కొండని దొడ్లో వదిలేశాను గానీ, ఒక సంగతి తేలింది. ఎటు వంచి గుచ్చినా పట్టుకునే మెత్తదనం ఉండాలి, అది చెప్పు కాకూడదు. అంటే ఫోము. మావయ్య మోటారుసైకిలు సీటు చిరిగిన చోట పసుప్పచ్చగా కనిపించేది అదే.

పక్కవీధిలో ఉండే మా మావయ్య ఉద్యోగానికి రోజూ భీమవరం వెళ్ళొచ్చేవాడు. ఎవరికేం కావాలన్నా చీటీ రాసి ఆయన జేబులో పెట్టేవాళ్ళం. నోటితో అడగనక్కర్లేదు కనక నా చీటీలు మరీ ఎక్కువ. ఆ రోజు ఇలా రాశాను: 'సైనికులకి ఫోం ఒకటి. దళసరిగా ఉండాలి.'

సాయంత్రం మావయ్య వచ్చి గుమ్మంలోంచే, "బావగారేరీ?" అని అరిచాడు. "ఈ వయసులో ఇదేం బుద్ధి? మా అక్కనేం చేద్దామని?"

అమ్మ కంగారుగా వచ్చింది. "ఏంట్రా? ఏమైంది?"

"మిలటరీలో చేరతారంటగా? ఇదిగో దరఖాస్తు. బస్‌స్టాండు దగ్గర జిరాక్స్ కొట్టాయన ఇచ్చాడు. దళసరి కాగితం మీదే తీయించానండోయ్, చీటీలో రాసినట్టే!"

చీటీ చేతులు మారింది. తప్పు నాదే. నా ఓత్వం దీర్ఘంలా ఉంటుందని మా తెలుగు మాస్టారు ఏడాదినించీ మొత్తుకుంటున్నారు. నేను ఫోం అని రాశాననుకున్నది ఫాం అయింది. సైనికులకి ఫాం. మావయ్య చేసిన దాంట్లో తప్పేమీ లేదు.

"అదీ... పరుపుల్లో వేసేది మావయ్యా," అన్నాను నేలకి వినిపించేలా.

ఇల్లంతా ఎంత నవ్విందో! అమ్మమ్మకి దగ్గొచ్చి మంచినీళ్ళు తాగించాల్సి వచ్చింది. నేను ఆ కాగితం తీసుకుని గదిలోకి పారిపోయాను. కాసేపటికి దాన్ని చదవడం మొదలుపెట్టాను. చదవదగ్గ కాగితం ఏది దొరికినా వదలని అలవాటు నాది. చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. వైర్‌లెస్ ఆయన తరఫున పూర్తి చేశాను. ఎత్తు: రెండంగుళాలు. ఛాతీ: పెట్టె అడ్డం వస్తోంది, కొలవలేదు. గుర్తింపు చిహ్నాలు: ఎడమ చెవి దగ్గర అచ్చు గీత. పూర్వపు ఉద్యోగం: షష్ఠి తీర్థంలో పట్టా మీద నిలబడుట.

దాన్ని మావయ్య ఎప్పుడు చూశాడో తెలీదు. భోజనాల దగ్గర పైకి చదివాడు. ఈసారి నాకు సిగ్గేయలేదు. వాళ్ళు నవ్వింది నా తప్పుకి కాదు, నేను రాసినదానికి. ఆ తేడా నాకు ఒంట్లో వెచ్చగా తెలిసింది.

"ఇంత రాసేదానివి ఓ మాట అడగలేవా?" అన్నాడు మావయ్య. "రేపు ఆదివారం. నాతో రా. పరుపుల షాపు దగ్గర దింపుతాను. నేను నోరెత్తను. నువ్వే అడగాలి."

మాట తప్పలేదు మహానుభావుడు. షాపు బయట బండి స్టాండు వేసి, అటు తిరిగి పేపరు చదువుకోవడం మొదలుపెట్టాడు. దారిపొడుగునా నేను వల్లించుకున్న వాక్యం 'ఫోము ముక్కలు ఉన్నాయాండీ' అన్నది. లోపల కుట్టుమిషన్ మోతలో అది నాకే వినిపించలేదు.

"ఆయ్, ఏంటమ్మా? దిండా?" అన్నాడు షాపాయన. నెత్తి మీద దూది, చెవిలో పెన్సిలు.

"కాదండి. ఫోము ముక్కలు."

"దేనికమ్మా? కూర్చోడానికా, పడుకోడానికా?"

"నిలబడ్డానికండి," అన్నాను.

ఆయన మిషన్ ఆపాడు. "నిలబడ్డానికా? ముప్ఫయ్యేళ్ళుగా కుడుతున్నానమ్మా, ఇలాగని ఎవరూ అడగలేదు. ఎవరు నిలబడతారు?"

గౌనుజేబులోంచి ఇద్దరిని తీసి బల్ల మీద పెట్టాను. వైర్‌లెస్ ఆయన్నీ, ఒక పాకేవాడినీ. అప్పుడు ఏమైందో నాకు తెలీదు, కొలువు దగ్గరనించి చెప్పు దాకా కథంతా చెప్పేశాను. బహుశా నేను పుట్టినప్పట్నించీ అదే నా పెద్ద ప్రసంగం. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా నవ్వలేదు. చెప్పు దగ్గర మాత్రం, "చెప్పు పనికిరాదమ్మా, పెద్దావిడ అన్నది నిజమే," అన్నాడు గంభీరంగా.

తరవాత నన్ను లోపలికి తీసుకెళ్ళి మూడు ముక్కలు బల్ల మీద పరిచాడు. "నొక్కు," అన్నాడు. మొదటిది వేలు దిగిపోయి, తీయగానే లేచింది. "ఇది దిండుకి. మనిషి తలకి మంచిది, మీవాళ్ళకి కాదు, మునిగిపోతారు." రెండోది నిదానంగా లేచింది. "ఇది సోఫాకి." మూడోది అసలు లొంగలేదు. "ఇది బస్సు సీట్లకి. దీంట్లో గుచ్చితే తుపానొచ్చినా కదలరు. కొత్త బ్లేడు తీసుకో. ఒక్క ఊపున కొయ్యి, రంపంలా లాగావా, అంచు రవ్వరవ్వ అవుతది. చిల్లు చెయ్యకు, చీలిక పెట్టు. చిల్లయితే వదులవుద్ది, చీలికైతే మూసుకుని పట్టుకుంటది."

చిల్లు కాదు, చీలిక. ఆ మాట ఆ రోజు డైరీలో పెద్దక్షరాలతో ఉంది. మూల ఊడ్చిపెట్టిన ముక్కలన్నీ సంచీలో కుక్కి ఇచ్చాడు. గుమ్మం దిగుతుంటే, "అమ్మాయిగారూ, మీవాళ్ళు నిలబడ్డారో లేదో చెప్పాలి మరి!" అని అరిచాడు. నన్నెవరూ గారూ అని పిలవలేదు అంతకుముందు.

ఆ వారం రోజులూ నేను పడిన సంబరం చెప్పలేను. బస్సు సీటు ఫోముతో కొండ చేశాను. సోఫా ముక్కల్ని చిన్నచిన్నగా కోసి, మూలలు దారంతో బిగించి ఇసుకబస్తాలు చేశాను. అచ్చం బస్తాల్లాగే ఉబ్బి కూర్చున్నాయి. ఫోములో ఉన్న సుఖం అది. థర్మాకోల్ తప్పు కోస్తే విరుగుతుంది, ఫోముని తప్పు కోసినా ఇంకో ముక్కతో సర్దుకోవచ్చు. రంగు కోసం నీళ్ళరంగులు వేస్తే తాగేసి రెండు రోజులు ఆరలేదు. చివరికి టీ డికాషన్‌లో ముంచి పిండితే సరిగ్గా వరదనాటి గోదావరి నీళ్ళ రంగు వచ్చింది. తాడో ఈతో తెలియని ఆ చెట్టుని కొండ కొన మీద నాటాను.

పాడ్యమి పొద్దున్న తలంటు పోసుకుని, కొండని కింది మెట్టు మీద పెట్టాను. అమ్మమ్మ వంగి ఒక్కొక్కరినీ పరీక్షించింది. ఫాను వేయించింది. తనే ఉఫ్ మని ఊదింది కూడా. ఎవరూ పడలేదు. ఆమె వేలు మెల్లగా పాకేవాళ్ళలో అందరికన్నా పైనున్నవాడి దగ్గరికి వచ్చింది. తక్కిన పాకేవాళ్ళలాగే వాడినీ నిటారు వాలులో, తల పైకి ఉండేలా గుచ్చాను.

"వీడు పడుకున్నవాడు కాదూ?"

"లేదమ్మమ్మా. ఎక్కుతున్నాడు."

"ఎక్కుతున్నాడా?"

"ఊఁ. కొండ."

అమ్మమ్మ తల ఒక పక్కకి వంచి చూసింది, రెండో పక్కకి వంచి చూసింది. వెనక అమ్మ ఊపిరి బిగబట్టి నిలబడింది. "ఎక్కుతున్నాడులే," అంది చివరికి. వాడి హెల్మెట్టు మీద కుంకుమ రవ్వంత పెట్టింది.

పేరంటానికి వచ్చినవాళ్ళందరి కళ్ళూ కింది మెట్టు మీదే. "ఏంటండీ పిన్నిగారూ, బోర్డరు మీ ఇంటికే వచ్చేసింది?" అంది ఎదురింటావిడ. "కాపలా అండి. అమ్మవారి నగలు ఊరికే వదిలేస్తామా?" అంది అమ్మమ్మ. "ఎవరు చేశారు ఈ కొండ?" అన్న ప్రశ్నకి అందరూ నా వైపు చూశారు. తలుపు చాటుకి వెళ్ళబోయి ఆగాను. "నేనేనండి. బస్సు సీటు ఫోముతో. చిల్లు కాదండి, చీలిక పెట్టాలి," అన్నాను. ఎదురింటావిడకి ఏం అర్థమైందో గానీ తనకిచ్చిన శనగల్లోంచి నా దోసిట్లో ఓ గుప్పెడు పోసింది.

ఆరో రోజు పొద్దున్న కొలువు దగ్గర దీపం సర్దుతూ ఉలిక్కిపడ్డాను. కుంకుమ పెట్టించుకున్న పాకేవాడు తన చీలికలో లేడు. నేను గుచ్చింది చెట్టు కింద. ఇప్పుడు రెండు బస్తాల మధ్య, కాస్త వంకరగా నిలబడి ఉన్నాడు. తుపాకీ బయటికి కాక పైమెట్టు మీది అమ్మవారి వైపు తిరిగింది. వాడి చుట్టూ ఫోము మీద పసుపు వేలిముద్రలు. పక్కన నా చీలిక నోరు తెరుచుకుని ఖాళీగా ఉంది. అంటే వాడు జారాడు. పడ్డాడు. నేను లేవకముందే ఎవరో చూసి, లేపి నిలబెట్టారు. పసుపు చేతులతో తెల్లారకట్ల కొలువు దగ్గరికి వచ్చేది మా ఇంట్లో ఒక్కరే.

వంటింట్లోకి వెళ్ళాను. అమ్మమ్మ కొబ్బరి తురుముతోంది. నన్ను చూసి, "ఏంటే?" అంది. "ఏం లేదు," అన్నాను. "లేకపోతే వెళ్ళి పూలు కొయ్యి," అంది. అంతే. నేను పాకేవాడి తుపాకీ తిప్పలేదు. అమ్మవారి వైపే ఉండనిచ్చాను.

దశమి సాయంత్రం హారతి అయింది. ఏటా అమ్మమ్మ పడుకోబెట్టేది చెట్టియారుగారిని. ఆ రోజు చెయ్యి ఆయన దాకా వెళ్ళి, ఆగి, కిందికి వచ్చింది. బస్తాల మధ్య నించి పాకేవాడిని మెల్లగా లాగింది. "వీడు మొదట్నించీ పడుకోవాలనే చూస్తున్నాడు పాపం," అంటూ తెల్ల పంచె మీద పొట్ట ఆనేలా పడుకోబెట్టింది. తొమ్మిది రోజుల తరవాత వాడు వాడిలా ఉన్నాడు. తుపాకీ తిన్నగా, కాళ్ళు బారచాపి, ఎంతో హాయిగా. నేను ఒక ఇసుకబస్తా తీసి వాడి గడ్డం కింద పెట్టాను. అమ్మమ్మ నా వైపు చూసింది. ఇద్దరం ఒకేసారి నవ్వేశాం.

బొమ్మల్ని పెట్టెలో సర్దేటప్పుడు, "ఆ మెత్తటి ముక్కలు ఇంకా ఉన్నాయా?" అని అడిగింది. ఏటా పాత చీర పేలికల్లో చుడితే చెట్టియారుగారి ముక్కు చెక్కుకుపోతోందట. ఆయనకి దిండు ఫోము ఇచ్చాను, తల ఊపే తాతగారికి సోఫా ఫోము. కొండనీ సైనికుల్నీ విడిగా అట్టపెట్టెలో పెట్టాక, పైన అంటించడానికి చీటీ రాయమంది. 'సైనికులు, ఫోముతో సహా' అని రాశాను. ఓత్వం రెండుసార్లు దిద్దాను.